పాలపిట్ట రెక్కలు ఎందుకు ముడిచిందంటే

నాచారంలో మా చాయ్ బండి దగ్గర అబద్ధం చెప్పడం తప్పు కాదు. చిన్న అబద్ధం చెప్పడం తప్పు. చిన్నదైతే ఎవరూ వినరు, చెప్పేవాడి చాయ్ కూడా చల్లారిపోతుంది. ఈ సంగతి సాంబయ్యకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

సాంబయ్యది రోడ్డుకవతల వెల్డింగ్ షెడ్డు. గేట్లు, గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు చేస్తాడు. నేను రామచంద్రరావుని. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే గుమాస్తాగా రిటైరయ్యాను. పొద్దున పదింటికి చాయ్ తాగడం తప్ప నాకు వేరే ఉద్యోగం లేదు కాబట్టి ఆ రోజు జరిగిందంతా నా కళ్ల ముందే జరిగింది.

సంగతేమిటంటే, మా గల్లీ చివర ఉన్న సర్కారు బడి పెద్ద మేడం గేటు మీదకు ఒక ఇనప పాలపిట్ట కావాలని సాంబయ్యకు చెప్పింది. రెండు రెక్కలూ బారుగా విప్పి ఎగురుతున్న పాలపిట్ట. వారం తర్వాత సాంబయ్య తెచ్చి బిగించిన పిట్ట రెక్కలు ముడుచుకుని, మెడ లోపలికి లాక్కుని, వానకు తడిసిన కోడిలా కూర్చుని ఉంది. ఒళ్లంతా మట్టిరంగు, నెత్తి మీద మాత్రం కాస్త నీలం. శుక్రవారం దాని ప్రారంభోత్సవం. పిట్ట కింద, చేసినవాడి పేరుతో ఒక ఇత్తడి పలక కూడా పెడతారట. అయితే పని సరిగ్గా అయిందని బడి కమిటీ అధ్యక్షురాలు కాగితం మీద సంతకం పెట్టాలి. పెట్టకపోతే పలకా ఉండదు, పిట్టా ఉండదు. దింపేసి పాత సామాన్ల కొట్టుకు పంపుతారు.

ఆ అధ్యక్షురాలు వెంకటనర్సమ్మ. బడిలో పిల్లలకు మధ్యాహ్నం వంట చేస్తుంది, మనవరాలు అక్కడే చదువుతుంది. ఆ ఉదయం కాగితం, పెన్ను పట్టుకుని నేరుగా చాయ్ బండి దగ్గరికే వచ్చి బెంచీ మీద కూర్చుంది. అడిగింది ఒక్కటే మాట.

“రెక్కలు ఇప్పమంటె ఎందుకు ముడిచినవ్ సాంబయ్యా?”

సాంబయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. మేమంతా సర్దుకుని కూర్చున్నాం.

“మంచి మాట అడిగినవ్ అక్కా. ఈ ముచ్చట నేను ఎవ్వలకు చెప్పొద్దనుకున్న. చెప్తె నమ్మరని కాదు, నమ్మి పరేషాన్ అయితరని. అయినా నువ్వు అడిగినవ్ కాబట్టి చెప్తున్న. పెద్ద మేడం నా షెడ్డుకు వచ్చినప్పుడు నేను గేటుకు గొళ్లెం పెడుతున్న. వచ్చి గిట్లగిట్ల పాలపిట్ట కావాలె, ఎగురుతున్నట్టు ఉండాలె అన్నది. ఫోన్ల ఫొటో సూపిస్తనన్నది. ఫొటో ఎందుకు మేడం, పాలపిట్ట నాకు ఎరుక లేదా అన్న. నాలుగు రోజుల్ల చేసిన. నాలుగంటె నాలుగే. ఇప్పుడు మీరు గేటు మీద సూస్తున్నది రెండోసారి చేసింది. మొదాలు చేసింది రెక్కలు ఇప్పినదే. పద్దెనిమిది గేజి రేకు, ఒక్కో రెక్క తొమ్మిదడుగులు, ఈకకు ఈక కోసి అతికిచ్చిన. ఒక్కో రెక్కకు ఎన్ని ఈకలో తెలుసా?”

“ఎన్ని?” అన్నాను.

“లెక్కపెట్టుకుంట కూసుంటె పనెప్పుడు చెయ్యాలె సారు? వినుండ్రి. భుజాల కాడ పాత లారీ బేరింగులు ఏసిన, గాలొస్తె రెక్కలు జర కదులాలెనని. గదే నా తప్పు అక్కా, ఒప్పుకుంటున్న. నా తప్పేందంటె పని మరీ మంచిగ చేసుడు. సాయంత్రం షెడ్డుల టేబుల్ ఫ్యాన్ ఏసిన. ఫ్యాన్ గాలికి ఎడమ రెక్క గిట్ల అన్నది. గంతే, గిట్ల. నేను పట్టించుకోలే. రెండో నంబరు మీద పెట్టిన. రెండు రెక్కలు గిట్ల అన్నయి. మూడో నంబరు పెట్టంగనే బల్ల మీదికెళ్లి జానెడు లేసింది.”

“మూడో నంబరుకే?” అన్నాడు తిరుపతి. ఇతను ట్రాలీ ఆటో తోలుతాడు. సాంబయ్య చేసే గేట్లన్నీ మోసేది ఇతనే. ఆ కిరాయిల మీద బతుకుతున్నాడు కాబట్టి సాంబయ్య ముందు నిజం మొత్తం ఎప్పుడూ చెప్పడు, సగమే చెప్తాడు.

“మూడో నంబరుకే. ఆ పొద్దు కరెంటు జర తక్కువున్నది తమ్మీ, లేకుంటె ఫ్యాన్‌ను గూడ ఎత్తుకపోతుండె. రాత్రికి గొలుసేసి బల్లకు కట్టి ఇంటికి పోయిన. తెల్లారి వచ్చి సూస్తె బల్ల వాకిట్లకు వచ్చి ఉన్నది. ఇగ తిరుపతి ఆటోల ఎక్కిచ్చిన. నాలుగు తాళ్లు కట్టిన. పిట్టను పట్టుకోని నేను ఎనక నిలవడ్డ. మెయిన్ రోడ్డు మీదికి వచ్చినమో లేదో, సిమెంటు లారీ ఒకటి మా పక్కకెళ్లి సుయ్యిమని పోయింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఆటో ముందు టైరు లేసింది.”

“నా ఆటోనా? నేను తోలుతుంటెనా?”

“నువ్వు ముందుకు సూస్తున్నవ్. ఎనక ఏమైతుందో నీకెట్ల తెలుస్తది?”

“లేసింది ముందు టైరంటివి గదన్నా.”

“ముందు టైరే. నువ్వు దానికన్న ముందుకు సూస్తున్నవ్.”

“అయినా నేను ఎక్కిచ్చుకున్నప్పుడే పిట్ట ముడుసుకోని ఉండె.”

“అది రెండో ట్రిప్పు. జర చెప్పనియ్యి. తాళ్లు మూడు పుటుక్కున తెగినయి. నాలుగోది నా చేతులనే తెగింది. ఇగ నేను పిట్ట కాళ్లు రెండు పట్టుకున్న. ఇడిసిపెడ్దునా? ఇడిసిపెడ్తె మేడంకు ఏం చెప్పాలె, పిల్లలకేం చెప్పాలె? గట్టిగ పట్టుకోని కండ్లు మూసుకున్న. తెరిచి సూస్తె కింద నాచారం. పైన పిట్ట, కింద నేను, నా కింద ఒక చెప్పు. ఇంకొకటి ఎవల ఇంటి మీద పడ్డదో ఇప్పటిదాంక తెల్వదు.”

వెంకటనర్సమ్మ చాయ్ ఊదుకుంటూ వింటోంది. మొహంలో ఏమీ లేదు. అది చూసి సాంబయ్య గొంతు ఇంకాస్త పెంచాడు.

“మల్లాపూర్ మీదికెళ్లి పోతున్నం. ఒక బంగ్ల మీద ఒకామె మిరపకాయలు ఎండబోస్తున్నది. తలెత్తి సూసి, అన్నా, జర పక్కకు పో, నీడ పడుతుంది అన్నది. అంత ఎత్తుల గూడ నేను మర్యాద ఇడువలే. ఏమనుకోకమ్మా అని పక్కకు తిప్పిన.”

“దేంతో తిప్పావయ్యా?”

“కాళ్లతోని సారు. దాని ఎడమ కాలు గుంజితె ఎడమకు పోతది, కుడి కాలు గుంజితె కుడికి. చిన్నప్పుడు ఎడ్లబండి తోలినోనికి గిదొక లెక్కనా? గప్పుడే ఫోన్ మోగింది. ఒక చేతిల పిట్ట, ఒక చేతిల ఫోను. హబ్సిగూడ పార్టీ. నా గ్రిల్లు యాడుంది సాంబయ్యా, పదిహేను రోజుల సంది చెప్తున్నవ్ అని ఒర్లుతుండు. దార్లనే ఉన్న సార్, మీ ఇంటి మీదికెళ్లే పోతున్న అన్న. ఆయనకు నేను చెప్పిన మొదటి నిజం అదే.”

“అది మాత్రం నమ్ముతున్నాను,” అన్నాను.

“ఇగ కాప్రా చెరువు. నీళ్లు సూడంగనే పిట్టకు దూపైంది. ఇనుపదానికి దూపేందని అడగకుండ్రి, పొద్దటి సంది ఎండల ఎగురుతున్నది. వంగి ముక్కు పెట్టి తాగింది. గట్టు మీద గీతలు పెట్టుంటయి సూడు, నీళ్లు ఎంతున్నయో తెలిసేటందుకు, ఒక గీత మందం దిగినయి. ముక్కుకు నేను పట్టుకారు ఏసిన గద, ఆ పట్టుకారుల ఓ చాప పడ్డది. మూడు కిలోలు.”

“మొన్న చెప్పినప్పుడు రెండు కిలోలంటివి?” అన్నాడు తిరుపతి.

“మొన్నటికి చిన్నగుండె. పెరగదా?”

ఈ ముచ్చట ఎవ్వరికీ చెప్పలేదని అరగంట కింద ఒట్టేసినంత పని చేసిన మనిషి. ఎవరూ గుర్తు చేయలేదు. చాయ్ బండికీ కొన్ని మర్యాదలుంటాయి.

“ఆడికెళ్లి సైనిక్‌పురి. ఆడున్నోళ్లంత పాత మిలటరోళ్లు గద. ఒక ముసలి కర్నల్ సాబ్ బాల్కనీల నిలవడి దుర్భిణి పెట్టుకోని సూసిండు. ఎవరక్కడ అని మిలటరీ గొంతుతోని ఒక్క ఒర్లుడు ఒర్లిండు. నేను తక్కువ తిన్ననా? నాచారం, వెల్డింగ్ అని ఒర్లిన. ఇగ సూస్కోండ్రి, నిక్కర్లు ఏసుకోని పొద్దుగాల నడిచేటి రిటైరోళ్లందరు గల్లీలల్ల లైన్ కట్టి సెల్యూట్. ఒకాయనకు మోకాళ్ల నొప్పులు, లేవలేడు, కుర్సీల కూసోనే కొట్టిండు. నేను తిరిగి కొట్టలే. చెయ్యి ఖాళీ లేకుండె. గా ఒక్క బాధ ఇంకా ఉన్నది నాకు.”

“ఊఁ,” అంది వెంకటనర్సమ్మ. ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి శబ్దం అదే. సాంబయ్యకు అది చాలు.

“ఊఁ అంటవేంది అక్కా, అసలు ముచ్చట ఇప్పుడే. జవహర్‌నగర్ డంపు మీద గద్దలు తిరుగుతయి గద, వేలకు వేలు. మమ్ములను సూడంగనే సుట్టుముట్టినయి. నాకు భయం లేదు కని పిట్ట కొత్తది, దానికి భయమైంది. అన్నిట్ల పెద్ద గద్ద ఒకటి ముందుకొచ్చి, మా ఏరియాల నీకేం పని అన్నట్టు సూసింది. సర్కారు పని, బడి పని అని చెప్పిన. సర్కారు అనంగనే అన్ని పక్కకు జరిగినయి. అవి గూడ ఈడి గద్దలే గద, సర్కారు పనంటె ఎట్లుంటదో వాటికి తెల్వదా, మధ్యల వడితె ఇగ ఇండ్లకు పోయేది లేదని భయపడ్డయి. పెద్ద గద్ద మాత్రం పక్కకొచ్చి, అన్నా, ముందు నువ్వు నడువు, ఎనక మేము వస్తమన్నది. ముందు నా పిట్ట, ఎనక ఐదు వేల గద్దలు. కింద చెత్త లారీలోళ్లు బండ్లు ఆపి సప్పట్లు కొట్టిన్రు.”

“వాసన కొట్టలేదా?” అని అడిగాను.

“వాసన గూడ మా ఎంబడి వచ్చింది సారు. కాప్రా దాంక వచ్చి, ఇగ నాతోని కాదని ఎనుకకు పోయింది.”

వెంకటనర్సమ్మ కాగితాన్ని మోకాలి మీద పరుచుకుని చేత్తో సాపు చేసింది. “ముడిచిన ముచ్చట ఎప్పుడొస్తది సాంబయ్యా? పప్పు పొయ్యి మీద పెట్టొచ్చిన.”

సాంబయ్య కళ్లు ఆ కాగితం మీద పడ్డాయి. ఒక్క క్షణం గొంతు మారింది.

“వస్తది అక్కా, వస్తది. ఒక్క మాట. ఇరవై ఆరేండ్ల సంది ఈ నాచారంల గేట్లు చేస్తున్న. సగం ఇండ్లకు నా గేట్లే. గేటు మీద ఇంటాయన పేరుంటది, ఇంటామె పేరుంటది, వాళ్ల కొడుకు చదివిన చదువుంటది. కుక్కున్నది జాగ్రత్త అని కుక్క సంగతి గూడ ఉంటది. చేసినోని పేరు ఒక్క గేటు మీద ఉన్నదా? నా పెండ్లాం గూడ నమ్మది, ఎవని గేటు సూపిచ్చినా, ఊఁ, నువ్వే చేసినవ్ తీయ్ అంటది. ఇత్తడి మీద పేరు చెక్కుతమని పెద్ద మేడం చెప్పిన పొద్దు నాకు బువ్వ సయించలేదు.”

ఇందులో కోత లేదు. అది సాంబయ్యకే ఇబ్బందిగా అనిపించినట్టుంది, గబగబా మళ్లీ గాల్లోకి లేచాడు.

“ఇగ ఉప్పల్ దిక్కు మలిపిన. స్టేడియంల మ్యాచ్ నడుస్తున్నది. ఆఖరి బాలు, ఆరు పరుగులు కావాలె. కొట్టిండు. బాలు స్టాండు దాటి పైకొచ్చి సక్కగ పిట్ట ముక్కుల పడ్డది.”

“ముక్కులో చేప ఉంది కదయ్యా?”

“గప్పటికే తిన్నది సారు. ఎవలన్న చాపను అంతసేపు ముక్కుల పెట్టుకోని తిరుగుతరా? స్టేడియం అంత సప్పుడు బంద్. సిక్సా, క్యాచా? రూలు పుస్తకంల లేదు. అంపైర్లు ఇద్దరు తలకాయలు పైకెత్తి, సాంబన్నా, నువ్వే చెప్పాలె అన్నరు. ముప్పై వేల మంది నా దిక్కు సూస్తున్నరు. నేను ఏమన్ననో ఎరుకేనా?”

“ఏమన్నవ్?” అన్నాడు తిరుపతి.

“చాయ్ తాగి చెప్త అన్న. ఇంకా చెప్పలే. ఆడ కూసోనే ఉన్నరు. బయటికి రాంగనే పక్కపొంటి మెట్రో రైలు. డ్రైవర్ నన్ను సూసి హారన్ కొట్టిండు, పందెమా అన్నట్టు. పందెమే అన్న. స్టేడియం స్టేషన్ కాడ ఇద్దరం సమానం, ఉప్పల్ స్టేషన్ కాడ నేను ముందు. ఎందుకంటె వాడు స్టేషన్‌ల ఆగాలె, నాకు స్టేషన్ లేదు. రైల్లున్నోళ్లంత ఒక్క దిక్కు కిటికీలకొచ్చి వీడియోలు తీస్తుంటె రైలు గిట్ల ఒరిగింది.”

“అయితే ఒక్క వీడియో చూపించు, సంతకం ఇప్పుడే పెట్టిస్తాను,” అన్నాను.

“అందరు ఫోన్లు నిలువుగ పట్టుకోని తీసిన్రు సారు. పిట్ట అడ్డంగున్నది. పట్టలే.”

చాయ్ పోసేవాడు కూడా నవ్వాడు. సాంబయ్య నవ్వలేదు. కోతలు కోసేవాడు నవ్వకూడదన్నది అతని వృత్తి ధర్మం.

“రింగు రోడ్డు మీద గుండ్రంగ స్కైవాక్ కట్టిన్రు గద. పిట్ట దాన్ని సూడంగనే సుట్టు తిరుగుడు పెట్టింది. తొమ్మిది సుట్లు తిరిగింది. గుడి అనుకున్నది. ఇనుపదే కని భక్తున్నది. ఐదు వేల గద్దలు గూడ ఎనక ప్రదక్షిణలు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? తొమ్మిదో సుట్టుకు సుడిగాలి లేసింది. కింద వరంగల్ బస్సు కోసం నిలవడ్డోళ్లు బస్సు ఎక్కకుండనే పోయి బోడుప్పల్‌ల దిగిన్రు. ఆ గాలి మమ్ములను గూడ పైకి ఇసిరింది. ఎంత పైకంటె, విమానం మా కిందికెళ్లి పోయింది. అందుల ఉన్న పిల్ల కిటికీలకెళ్లి, చాయా కాఫీనా అని సైగ చేసింది. చాయ్ అన్న, కని అందలే. మబ్బులు దాటినం. గద్దలు ఒక్కొక్కటి, అన్నా ఇగ మాతోని కాదు, ఇంటికాడ పిల్లలున్నరని దిగిపోయినయి. నేను, పిట్ట మిగిలినం. కిందికి సూస్తె భూమి గుండ్రంగ, నీలంగ, మస్తున్నది. మంచిగ సూస్తె అందుల నా షెడ్డు కనవడ్డది. తాళం ఎయ్యలే నేను.”

“అంత పైనుంచి తాళం కనిపించిందా?”

“నా షెడ్డు తాళం నాకు కనవడదా సారు? గప్పుడు, ఆడ వేలాడుకుంట, నాకు బడి పిల్లలు యాదికొచ్చిన్రు. నాలుగు వందల మంది. పొద్దున ప్రార్థన టైంల అందరు గేటు కాడ ఉంటరు. గప్పుడు గాలొచ్చిందనుకో. పిట్ట లేస్తది. పిట్టతోని గేటు లేస్తది, నేను చేసిన గేటు, ఊడే సవాలే లేదు. గేటుతోని గోడ, గోడతోని బడి, బడితోని పిల్లలు, పెద్ద మేడం, అటెండెన్సు పుస్తకం. అక్కా, నువ్వు గూడ పప్పు గిన్నె తోని సహా. రేపొద్దున నువ్వు గరిట పట్టుకోని చంద్రుని మీద నిలవడితె నీ మనవరాలికి ఎవలు జవాబు చెప్పాలె? ఇగ గుండె రాయి చేసుకున్న. ఆడనే, గాల్లనే, గీ చేతులతోని ఒక్కో రెక్క పట్టుకోని ముడిచిన.”

“రెండు చేతులూ వదిలేశావా!”

“పండ్లతోని పట్టుకున్న సారు.”

“రెక్కలు ముడిస్తె పడిపోరా అన్నా?” అన్నాడు తిరుపతి.

“పడ్డం. మెల్లగ పడ్డం. మాకేం తొందర లేకుండె. పడి పడి వచ్చి సక్కగ నా షెడ్డు కాడనే దిగినం. ఆ పెద్ద రెక్కలు కోసి చిన్నగ చేసి, ఒంటికి అతికిచ్చి, వెల్డింగు టాకా మీద టాకా పెట్టిన, మల్ల ఇప్పకుండ. గిదక్కా సంగతి. చేతగాక ముడిచింది కాదు, తెల్వక ముడిచింది కాదు. పిల్లల కోసం ముడిచిన. ఇగో, ఈడ పెట్టు సంతకం.”

వెంకటనర్సమ్మ పెన్ను మూత తీసింది. సాంబయ్య బెంచీ మీద ముందుకు జరిగాడు. ఆమె కాగితం మీద పెన్ను ఆనించి, తలెత్తకుండానే అడిగింది.

“నాచారం కాడికెళ్లి మబ్బుల దాంక దాని కిందనే వేలాడినవ్ గద తమ్మీ.”

“వేలాడిన.”

“పైకి సూసే ఉంటవ్.”

“సూడకుంట ఎట్లుంట?”

“గాల్ల ఇప్పినప్పుడు రెక్క రంగు ఎట్లుండె?”

సాంబయ్య నవ్వాడు. ఇంత పెద్ద కథకు ఇంత చిన్న ప్రశ్నా అన్నట్టు. “ఎట్లుంటది అక్కా, పాలపిట్ట రంగే. ఇప్పుడు గేటు మీద ఎట్లుందో గట్లనే. మట్టిరంగు. అసలు పిట్టకు ఎట్లుంటదో గట్లనే ఏసిన, ఈకంత తేడా లేకుండ.”

ఆమె పెన్నుకు మూత పెట్టేసింది.

“మాది వలిగొండ దిక్కు. మా పొలం గట్టు మీద కరెంటు తీగకు రోజు ఒకటి కూసునేది. కూసున్నంతసేపు నువ్వు చెప్పినట్టే, మట్టిబెడ్డ. పురుగు కోసం లేసిందనుకో, రెక్క ఇప్పంగనే రెండు నీలాలు. ఒకటి లేతది, ఒకటి సిక్కటిది, పట్టీలు పట్టీలుగ, పక్కపక్కన. కలుపు తీసేటోళ్లం అందరం నడుములెత్తి సూసేటోళ్లం. మల్ల కూసుంటె మాయం. ఎగిరితెనే కనవడ్తది అది. నువ్వు దాని కింద అంతసేపు ఉన్ననంటివి, నీకు కనవడలేదా?”

“ఎండ... కంట్లె పడ్డది అక్కా.”

“తొమ్మిదడుగుల రెక్క నీడలనా?” అన్నాడు తిరుపతి. ఆ ఒక్కసారికి నిజం మొత్తం చెప్పాడు.

నేను నవ్వుదామనుకున్నాను కానీ నాకూ ఆ రెండు నీలాల సంగతి తెలియదు. అరవై ఆరేళ్లు వచ్చాయి.

“నిజం చెప్పు,” అంది వెంకటనర్సమ్మ. “పాలపిట్టను యాడ సూసినవ్?”

సాంబయ్య చెప్పాడు. గొంతులో పిట్టా లేదు, గద్దలూ లేవు.

“దసరాకు. అందరు సూసినట్టే. పంజరాలల్ల పట్టుకొస్తరు గద, రింగు రోడ్డు కాడ. ఏటా సూస్త. అందుల రెక్క ఇప్పెటంత జాగ యాడుంటది అక్కా? మేడం ఇప్పమన్నది. నాలుగు రోజులు కూసున్న. ఎట్ల ఇప్పుతదో ఎంత యాది చేసుకున్నా రాలే.”

నేనూ అక్కడే చూశాను. తిరుపతి కూడా. పంజరం ముందు దండం పెట్టి, దాన్ని తెచ్చినవాడి చేతిలో చిల్లర పెట్టి, ఏడాదంతా మనకు మంచి జరుగుతుందని సంతోషంగా ఇంటికొచ్చిన వాళ్లమే అందరం.

“పెద్ద మేడం ఈ బొమ్మ ఎందుకు పెట్టిస్తున్నదో తెలుసా?” అంది వెంకటనర్సమ్మ. “పోయిన నెల ఐదో తరగతి పిల్లలకు పాలపిట్ట బొమ్మ గీయమని చెప్పింది. నలభై రెండు మంది గీసిన్రు. నా మనవరాలు గూడ గీసింది. నలభై రెండు బొమ్మలల్ల పిట్ట సుట్టు పంజరం ఊసలు గీసిన్రు. పాలపిట్ట అంటె గట్లనే పుడ్తది అనుకున్నరు. మేడం ఆ కాగితాలు పట్టుకోని నా వంటింట్లకొచ్చి కండ్లనీళ్లు పెట్టుకున్నది. వీళ్లకు ఎగిరే పిట్ట ఒకటి రోజు కనవడాలె నర్సమ్మా అన్నది. నువ్వు నలభై మూడోటోనివి.”

కాగితం నాలుగు మడతలు పెట్టి నడుముకు దోపుకుంది. సంతకం లేకుండానే.

సాంబయ్య తన చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. “రెండు నీలాలంటె... ఏం నీలాలక్కా?” అన్నాడు. పదేళ్లుగా వింటున్నాను, ఆ బెంచీ మీద సాంబయ్య తనకు తెలియనిదని ఒక ప్రశ్న అడగడం అదే మొదలు.

ఆమె చుట్టూ చూసింది. “గా నీళ్ల డ్రమ్ము లెక్కనా?” అన్నాడు తిరుపతి. కాదంది. బండి మీది టార్పాలిన్ వైపు చూపించాడు. అదీ కాదంది.

“ఈడ లేదు. ఉప్పల్ పోయి వలిగొండ బస్సెక్కు. మా ఊరు దాటినంక తీగల మీద ఉంటయి, లేసేదాంక కూసో. పెద్ద మేడంకు నేను చెప్త, శుక్రవారం కాకుంటె ఇంకో శుక్రవారం.”

పప్పు మాడుతుందంటూ ఆమె వెళ్లిపోయింది. సాంబయ్య లేచి రోడ్డు దాటబోతుంటే తిరుపతి వెనక నుంచి అరిచాడు.

“బస్సెందుకన్నా? ఎగురుకుంట పో!”

దానికి సాంబయ్య దగ్గర వంద జవాబులుండాలి. ఉప్పల్ పోయే బస్సు వస్తుంటే చెయ్యెత్తి ఆపాడు.